గుడ్డ పడుకోవాల

మా అమ్మకి ఇంగ్లీషులో కాలాలు నేర్పింది నేనే. ఈ సంగతి ముందే చెప్పేస్తే, తర్వాత జరిగిన దాంట్లో నా వాటా ఎంతో మీకే తెలుస్తుంది.

నేను ధారాపురం పక్కన ఒక బడిలో ఇంగ్లీషు టీచరమ్మని. బడిలో పాఠం ఇంగ్లీషు, వివరణ తమిళం, ఇంటికొచ్చి విసుక్కోవడం తెలుగు. మా ఊళ్లో మావాళ్ల ఇళ్లన్నిట్లోనూ వరస ఇదే. ఎన్ని తరాల కిందట ఈ నల్లరేగడి నేలకి వచ్చామో చెప్పగలిగే వాళ్లెవరూ లేరు. తెచ్చుకున్న తెలుగు మాత్రం ఉంది. దాని నిండా తమిళం కలిసిపోయింది, 'నేనే' అనడానికి కూడా 'నేను దా' అంటాం. ఆ తెలుగుని చదవడం, రాయడం మా ఇంట్లో ఎవరికీ రాదు. నేను ఇరవై ఆరో ఏట, పిల్లల బొమ్మల పటం ఒకటి గోడకి తగిలించుకుని అక్షరాలు దిద్దుకున్నాను. అందుకే రాసేటప్పుడు ఇలా పుస్తకాల మనిషిలా రాస్తాను. ఇంట్లో ఇలా మాట్లాడితే అమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తుంది.

నాకొక జబ్బుంది. తప్పు కనపడితే ఊరుకోలేను. దగ్గరి చుట్టాల ఇంట్లో పెళ్లి కుదిరి, శుభలేఖ తెచ్చి చేతికిస్తే, ఎర్ర పెన్నుతో రెండు చోట్ల దిద్ది వాళ్లకే తిరిగిచ్చాను. సాయం చేశాననే అనుకున్నాను. ఆ పెళ్లిలో మూడు పంక్తులు లేచేదాకా నన్ను భోజనానికి ఎవరూ పిలవలేదు.

అమ్మ తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో పని చేస్తుంది. పొద్దున ఆరింటికి కంపెనీ వ్యాను మా మలుపులో ఆగుతుంది. పంతొమ్మిదేళ్ల కిందట దారప్పోగులు కత్తిరించే పనికి చేరింది. తర్వాత చెకింగ్‌కి వచ్చింది, ఆ తర్వాత ఒక లైనుకి సూపర్‌వైజర్ అయింది. ఇన్నేళ్లూ నిలబడే ఉంది. మోకాళ్ల కింద నరాలు నీలంగా ఉబ్బాయి. సాయంత్రం ఇంటికి రాగానే కాళ్లు గోడకి ఆనించి పడుకుని, ఆ పూట కట్టింగ్ వాళ్లు చేసిన ఘోరాలు చెబుతుంది.

ఆ ఘోరాలన్నిటికీ మూలం ఒక్కటే. అల్లిన గుడ్డ చుట్టలు చుట్టి వస్తుంది. ఆ చుట్టని విప్పి, పరిచి, ఒక దినమంతా అలా వదిలేయాలి. లాగి చుట్టిన గుడ్డ కదా, మెల్లగా సర్దుకుని తన కొలతకి తాను వస్తుంది. అప్పుడు కత్తిరించాలి. కట్టింగ్ వాళ్లకి తొందర. వచ్చిన పూటే కత్తెర వేస్తారు. కుట్టినప్పుడు చొక్కా బాగానే ఉంటుంది. ఒకసారి ఉతికితే పొట్టిదవుతుంది. "గుడ్డ పడుకోవాల" అని అమ్మ మూడేళ్లుగా చెబుతోంది. లైను సూపర్‌వైజర్ మాటకి కట్టింగ్ ఆగదు. కట్టింగ్ ఆపమనే అధికారం క్వాలిటీ ఇన్‌ఛార్జ్‌ది. ఆ పదవిలో ఉన్న పెద్దాయన పని మానేస్తున్నాడని తెలిసిన రోజు అమ్మ అన్నం తినేటప్పుడు ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఏదో కావాలని అర్థం.

మేనేజర్ సూటిగానే చెప్పాడట. పని సంగతిలో సందేహం లేదు, కానీ ఆ కుర్చీలో కూర్చున్న మనిషి సరుకు కొనేవాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడాలి. బెంగళూరులో వాళ్ల తరఫు మేడం ఒకామె ఉంది. నెల తర్వాత ఒక ఆదివారం వీడియోలో అరగంట మాట్లాడుతుంది. ఆమె సరేనంటే పదవి అమ్మది. కాదంటే డిప్లొమా చదివి ఎనిమిది నెలల కిందట చేరిన ఇంకొకతనిది.

"వాడికి ఇంగ్లీషు వస్తుంది. గుడ్డ రాదు" అంది అమ్మ. "నాకు నేర్పు. ఒక నెల ఉండాది."

నాకు గర్వంగా ఉండింది, దాచుకోను. తెల్లవారుజామున అన్నం ఉడికేలోపు ముప్పావుగంట, ఆదివారాలు మధ్యాహ్నం రెండు గంటలు అని వేళలు రాసి తలుపుకి అంటించాను. మొదటి రోజు అట్ట మీద పన్నెండు గళ్లు గీశాను. అడ్డంగా నిన్న, ఈ రోజు, రేపు. నిలువుగా ఒక్కోదానికి నాలుగు. అమ్మ ఆ అట్టని చొక్కా కొలతల పేటర్న్ చూసినట్టు చూసి, ఇన్ని ఎందుకని అడిగింది. తను దినామూ వ్యానుకి పోతుంది, రేపు కూడా పోతుంది. మన తెలుగులో రెండింటికీ 'పోతాను' ఒక్కటే మాట. ఆ ఒక్క మాటతోనే పంతొమ్మిదేళ్లు గడిచాయి కదా అంది.

ఆరేళ్లుగా పాఠం చెబుతున్నాను, ఈ సంగతి నాకెప్పుడూ తట్టలేదు. రోజూ చేసే పనికీ, రేపు చెయ్యబోయే పనికీ మనం ఒకే రూపం వాడతాం. ఇంగ్లీషు వాళ్లు రెండు వేర్వేరు రూపాలు పెట్టుకున్నారు. అది వాళ్ల పద్ధతి అన్నాను. జవాబు తెలియనప్పుడు టీచర్లు చెప్పే జవాబు అది.

కానీ కొన్ని చోట్ల మా ఇంటి తెలుగే దారి చూపింది. మేం 'నిన్న తింటిని' అంటాం. ఇప్పుడు ఎవరైనా భోజనానికి పిలిస్తే 'తినుండాను' అంటాం. తినడం అయిపోయింది, దాని ఫలితం ఇంకా కడుపులో ఉంది. ఇంగ్లీషులో 'హ్యావ్ ఈటెన్' అంటే సరిగ్గా ఇదే. మా బడిలో పిల్లలు రెండేళ్లయినా మింగలేని ఆ గడిని అమ్మ ఒక్క పొద్దున్నే దాటేసింది. 'చూసుండాను' అంటే 'హ్యావ్ చెక్డ్', 'చూస్తిని' అంటే ఉత్త 'చెక్డ్'. ఆ రూపాన్ని నేనే తయారు చేసినంత సంబరపడ్డాను.

ఇక క్రియ నుంచి పుట్టే విశేషణాల పాఠం వచ్చింది. నేను నోరు తెరవకముందే అవి అమ్మకి వచ్చు, ఆ సంగతి తనకే తెలియదు. కంపెనీలో ప్లాస్టిక్ డబ్బాల మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది: చెక్డ్, రిజెక్టెడ్, ఆల్టర్డ్, ఫినిష్డ్, ప్యాక్డ్. అమ్మకి అవి డబ్బాల పేర్లు. 'రిజెక్టెడ్' అంటే గోడ పక్కన ఎర్ర డబ్బా ఉన్న చోటు. అవన్నీ ఒకే జాతి మాటలనీ, పని జరిగిపోయిన గుడ్డకి పెట్టిన గుర్తులనీ చెప్పాను. మన 'కుట్టిన చొక్కా'లో 'కుట్టిన' లాంటివి. అదే 'కుట్టే మిషన్' అంటే పని ఇంకా నడుస్తోంది, అక్కడ 'ఇంగ్' వస్తుంది. అమ్మ కాసేపు ఆలోచించి, సూది కింద ఉంటే ఇంగ్, డబ్బాలో పడితే ఎడ్, అంతేనా అంది. నా నోట్సులో అది పేజీన్నర ఉంది.

ఆ తర్వాత అమ్మ ఆగలేదు. బియ్యం సంచి మీద బాయిల్డ్ రైస్ చదివి, ఉడికినది అంది. బస్సులో రిజర్వ్‌డ్ సీటు చూసి, ఎవరో ముందే పట్టుకున్నది అంది. 'కట్, కట్, కట్' అని మూడు రూపాలూ ఒకటిగా ఉండే క్రియని చూపిస్తే బాగా నచ్చింది. కట్టింగ్ వాళ్లకి తగిన మాటే పెట్టారు, నిన్నా ఈ పొద్దూ ఎప్పుడూ మారరు అంది.

నచ్చనివి కూడా ఉన్నాయి. మనం 'లేచి, వాకిలి ఊడ్చి, అన్నం వండి, క్యారియర్ కట్టి, వ్యాను ఎక్కుతిని' అని ఒక్క గుక్కలో చెప్పేస్తాం. ఒక్క చివరి మాటకే కాలం, మిగతావన్నీ దాని వెనకాల నడుస్తాయి. ఇంగ్లీషులో అలా నడపాలంటే మధ్యలో మళ్లీ మళ్లీ 'ఐ' అనో 'అండ్' అనో నిలబడాలి. వీళ్లు వ్యాను అందుకోగలరా అని అడిగింది.

అసలు గొడవ గుడ్డ దగ్గర వచ్చింది. 'ఫ్యాబ్రిక్ స్లీపింగ్' అంటుంది అమ్మ. 'రిలాక్స్‌డ్' అనాలని నేను. మీ కంపెనీ కాగితాల్లో కూడా అదే మాట ఉంది కదా అన్నాను. ఎవరు చేశారని ఆ ఎడ్, అంది అమ్మ. మనం చేసేది ఏముంది, విప్పి పరిచి వదిలేయడమే, పడుకునేది గుడ్డే కదా అని వాదించింది. చేసినవాళ్లెవరో చెప్పక్కర్లేదు, ఇంగ్లీషులో అది సౌకర్యం అన్నాను. పదిసార్లు చెప్పాను. పదకొండోసారి కూడా స్లీపింగ్ అంది.

నా గొంతు మారడం నాకు తెలుస్తూనే ఉంది. మొదటి వారం 'కాదమ్మా' అన్నాను. రెండో వారం 'కాదు' అన్నాను. మూడో వారానికి ఏడో తరగతి ఆఖరి బెంచీతో మాట్లాడే గొంతు వచ్చేసింది. ఎన్నిసార్లు చెప్పాలి, మనసు ఎక్కడ పెట్టావు, వినకపోతే నీ ఇష్టం. అమ్మ తల వంచుకుని రాసుకునేది. తన కింద నలభై మంది పని చేస్తారు. వాళ్లెవరితోనూ అలా మాట్లాడదని నాకు తెలుసు.

ఇక్కడ మావాళ్ల అలవాటు ఒకటి చెప్పాలి. మా ఇంటి తలుపుకి దిండిగల్ తాళం, మా మాటలకి తెలుగు. బయటివాళ్ల ముందు ఏదైనా దాచుకోవాలంటే తెలుగులోకి దిగిపోతాం. చీరల కొట్లో మా అత్త, కొట్టువాడితో తమిళంలో ఒక్కటీ బాగాలేదని మొహం చిట్లిస్తుంది. మాతో తెలుగులో 'పచ్చది బాగుండాది, దానివైపు చూడొద్దు' అంటుంది. ఒట్టన్‌చత్రం మండీలో నాయన తను పండించిన చిన్నుల్లి, అంటే సాంబారు ఉల్లిపాయల, బస్తాల పక్కన నిలబడి దళారితో 'మీరు చెప్తే సరే అన్నా' అని తమిళంలో చేతులు కడతాడు. వెంటనే పెదనాయన వైపు తిరిగి 'వీడి తక్కెడని నమ్మొద్దు' అంటాడు, మొహంలో అదే నవ్వుతో. బస్సులో ఎదురుగా కూర్చున్న మనిషి గురించి, ఆ మనిషి మొహం చూస్తూనే మాట్లాడుకుంటాం. ఇది తప్పని ఎవరూ మాకు చెప్పలేదు. చెప్పాలంటే వాళ్లకి అర్థం కావాలి కదా.

ఆంధ్రా వాళ్ల ముందైనా భయం లేదనుకునేవాళ్లం. ఒకసారి తిరుపతిలో నాయన తెలుగులో దారి అడిగితే అవతలి మనిషి తమిళంలో జవాబిచ్చాడు. మన తెలుగు మనకే తప్ప దేవుడి ఊళ్లో కూడా చెల్లదని నాయన తేల్చేశాడు. నాకూ అది ధైర్యంగానే ఉండేది.

ఆ ఆదివారం పదకొండింటికి ముందు గదిలో ఏర్పాట్లు చేశాను. బల్ల మీద పప్పు డబ్బాకి నా ఫోను ఆనించి నిలబెట్టాను. అమ్మ కంపెనీ పండక్కి ఇచ్చిన చీర కట్టుకుని ఎదురుగా కుర్చీలో కూర్చుంది. నేను ఫోను వెనకాల, కెమెరాకి కనపడకుండా ఎత్తు పీట మీద, చేతిలో అట్టముక్కలతో కూర్చున్నాను. నిన్న అని నీలం అట్ట, ఈ రోజు అని పసుపు, రేపు అని ఎరుపు. అవసరమైతే మెల్లగా తెలుగులో అందిస్తానని ముందే అనుకున్నాం. ఇది మోసం కదా అని మాకిద్దరికీ తట్టనే లేదు. మాకది చీరల కొట్టు లాంటిదే.

మేడం తెర మీదికి వచ్చింది. అమ్మకంటే పదేళ్లు చిన్నదై ఉంటుంది. కురచ జుట్టు, కళ్లద్దాలు, తొణకని ఇంగ్లీషు. నేను పక్కకి వంగి ఒక్క క్షణం చూసి, ఉత్తరాది ఆమె అని నిశ్చయించుకున్నాను. నాకున్న ఆధారం జుట్టు.

మొదటి ప్రశ్న మీ గురించి చెప్పమని. అమ్మ 'ఐ హ్యావ్ బీన్ వర్కింగ్' అని మొదలుపెట్టి, నేను రాసిచ్చిన ఆరు వాక్యాలూ ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పింది. నా కళ్లు చెమ్మగిల్లాయి. రెండో ప్రశ్న, నిన్న లైనులో ఏం జరిగిందని. అమ్మ 'ఎస్టర్‌డే ఐ చెక్' అంది. నేను నీలం అట్ట ఎత్తి, 'చెక్డ్, చెక్డ్' అని గొణిగాను. అమ్మ ఆగి, దిద్దుకుని, మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి 'ఐ యామ్ చెక్డ్' అంది. నేను తల అడ్డంగా ఊపాను. అమ్మ చూపు ఫోను మీది నుంచి నా అట్టముక్కల మీదికి మారింది. ఆ తర్వాత మళ్లీ ఫోను మీదికి రాలేదు.

మూడో ప్రశ్న అసలుది. పోయిన సారి పంపిన సరుకులో ఒక రంగు చొక్కాలు ఉతికాక పొట్టివయ్యాయి, ఎందుకని అడిగింది. అమ్మ మూడేళ్లుగా ఎదురుచూస్తున్న ప్రశ్న. నిటారుగా కూర్చుంది. 'ఫ్యాబ్రిక్ నో స్లీపింగ్' అంది.

"రిలాక్స్‌డ్ అను" అన్నాను నేను.

అమ్మ ఆగింది. మళ్లీ నోరు తెరిచింది. స్లీపింగ్ అనే వచ్చింది.

అప్పుడు నేను అన్నాను. గొణగలేదు, మామూలు గొంతుతోనే అన్నాను, ఎవరికి అర్థమవుతుందిలే అని. "నెల దినాలుగా అదే చెప్తుండా. నీ బుర్రకి ఎక్కదు. పదేండ్ల బిడ్డకి చెప్పుంటే ఈపాటికి వచ్చుండు. నా పరువు తీస్తుండావు."

అమ్మ తల వంచుకుంది. ఫోనులో చప్పుడు లేదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను.

"అమ్మా" అంది ఫోనులోంచి గొంతు, తెలుగులో. పుస్తకాల్లో ఉండే తెలుగు, ఇప్పుడు నేను రాస్తున్నలాంటిది. "మీకు ఇబ్బంది లేకపోతే, ఫోను వెనకాల ఉన్నవాళ్లని కాసేపు బయటికి వెళ్లమనండి. మనిద్దరం మాట్లాడుకుందాం."

అమ్మ మొహం ఎర్రబడింది. అంతకుముందు ఎప్పుడూ అలా చూడలేదు. నా వైపు చూడకుండా, చేత్తో తలుపు చూపించింది. నేను అట్టముక్కలు పీట మీద పెట్టి లేచాను. ఒకటి కింద పడితే తీయాలా వద్దా అని కాసేపు ఆలోచించి, తీయకుండానే వెళ్లిపోయాను.

వాకిట్లో నాయన చిన్నుల్లి ముందేసుకుని తోకలు కోస్తున్నాడు. అయిందా అని అడిగాడు. ఇంకా లేదన్నాను. ఎందుకు బయటికొచ్చావని అడగలేదు. నేను కూర్చుని కోయడం మొదలుపెట్టాను. లోపలి నుంచి అమ్మ గొంతు వినిపిస్తోంది. ఇంగ్లీషులోనే. కాలాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. నిన్నకి రేపు, రేపుకి నిన్న. డబ్బాలో పడాల్సినవి సూది కింద, సూది కింద ఉండాల్సినవి డబ్బాలో. కానీ గొంతు ఆగడం లేదు. మధ్యలో ఒకసారి అమ్మ నవ్వింది కూడా. ఇరవై ఐదు నిమిషాలు. నా కళ్లలో నీళ్లు కారాయి. ఉల్లి కోస్తున్నాను కాబట్టి నాయనకి వివరించాల్సిన పని పడలేదు.

అమ్మ బయటికొచ్చి, చీర మార్చుకుంటానని చెప్పి లోపలికెళ్లింది. మధ్యాహ్నం తిరగమోత వేస్తుంటే వెనకాల నిలబడి, తెలుగు తెలిసిన మనిషితో ఇంగ్లీషులో ఎందుకు మాట్లాడావని అడిగాను. ఏ ముక్కా సరిగా రానప్పుడు తెలుగులో చెప్పుకోవచ్చు కదా అన్నాను.

"ఆమె అడిగింది, తెలుగులో చెప్తారా అని. నేను దా వద్దంటిని" అంది అమ్మ. "తెలుగులో వినాల్సింది ఆమె ముందే వినేసింది. ఇంక ఏ మొగం పెట్టుకోని తెలుగు మాట్లాడేది?"

మా ఇంటి తెలుగులో క్షమించమనడానికి మాట లేదు. బస్సులో కాలు తొక్కితే అనే 'సారీ' ఒకటుంది. అదే అన్నాను.

అమ్మ ఆవాలు చిటపటలాడేదాకా ఆగి, గరిటె తిప్పుతూ అంది. "నాకు యాల చెప్తావు? నేను దినామూ వినేదే దా. ఆమె దా కొత్తగా వినింది."

తొమ్మిదో రోజు మేనేజర్ పిలిచి పదవి అమ్మదే అన్నాడు. ఆ సంగతి అమ్మ నాయనకి చెప్పింది, నాయన నాకు చెప్పాడు. తలుపుకి అంటించిన కాగితం ఎవరో చింపేశారు. ఎవరో అని రాస్తున్నాను గానీ మా ఇంట్లో ఉండేది ముగ్గురం. అమ్మకి కోపమూ లేదు, దెప్పడమూ లేదు. అన్నం పెట్టేది, బడి సంగతులు అడిగేది. ఇంగ్లీషు మాత్రం అడగలేదు. ఆ నెలంతా నేను ఆ వేళకే లేచి కూర్చునేదాన్ని. అమ్మకి పాఠం చెప్పిన ఆ తెల్లవారుజాములు నాకు అంత అవసరమని నేను అనుకోలేదు.

బెంగళూరు మేడం ఆదివారాలు ఫోను చేసేది, వారం లెక్క అడగడానికి. అమ్మ ఇప్పుడు తనకంటూ ఒక ఫోను కొనుక్కుంది. అదే పప్పు డబ్బాకి ఆనించి మాట్లాడుతుంది. ఎప్పుడూ ఇంగ్లీషే. మేడం మధ్యలో తెలుగు మాట ఒకటి వేసినా, అమ్మ ఇంగ్లీషులోనే జవాబిస్తుంది. ఫోను మోగగానే నేను లేచి బయటికి పోవడం అలవాటు చేసుకున్నాను. ఒకసారి ఆలస్యమైతే అమ్మ నా వైపు తిరిగి, ఇంగ్లీషులో, చాలా మర్యాదగా చెప్పింది: "ప్లీజ్ గో అవుట్‌సైడ్. ఐ యామ్ టాకింగ్." దిద్దడానికి ఏమీ లేదు.

మూడో నెలలో ఒక ఆదివారం వాకిట్లో నాయన అడిగాడు. వాళ్లిద్దరికీ తెలుగొస్తుందన్నావు కదా, మరి ఈ తిప్పలు ఎందుకు అని. నా వల్లే అన్నాను. ఆ రోజు నేనన్న మాటలు ఒక్కటి కూడా దాచకుండా చెప్పాను. చెబుతుంటేనే తెలిసింది, ఆ మాటల్లో ఒక్కటి కూడా అమ్మకి కొత్త కాదని. నాయన కత్తి పక్కన పెట్టి నా మొహం చూశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నేను లేచి లోపలికి వెళ్లాను. అమ్మ ఫోనులో మాట్లాడుతూనే ఉంది. నన్ను చూసి, చెయ్యెత్తి తలుపు చూపించింది. నేను ఫోను వెనకాలకి పోలేదు. అమ్మ కుర్చీ పక్కన, కెమెరాకి కనపడేటట్టు నిలబడ్డాను. తెర మీద మేడం మాట ఆపింది.

"మేడం" అన్నాను. పుస్తకం తెలుగు నోటిదాకా వచ్చింది, వదిలేసి మా తెలుగులోనే చెప్పాను. "ఆ దినం మా అమ్మని బుర్ర లేదంటిని. మీరు వింటిరి. అది అబద్ధం. ఆమెకి గుడ్డ తెలిసినట్లు ఎవురికీ తెలీదు. నాకు దా తెలీదు. నేను తప్పు మాట్లాడితిని. మీరు ఇది కూడా వినాల."

మేడం తల ఊపింది. అమ్మ నా వైపు చూడలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, తెర వైపే చూస్తూ, ఇంగ్లీషులో అంది.

"మై డాటర్, మేడం. టీచర్. నౌ షీ ఈజ్ గోయింగ్ అవుట్‌సైడ్."

వెళ్లాను. వాకిట్లో నాయన పక్కన కూర్చుని కత్తి తీసుకున్నాను. రెండు గుప్పెళ్ల ఉల్లికి తోకలు కోశాను. తర్వాత అమ్మ గొంతు వినిపించింది, కట్టింగ్ వాళ్ల మీద ఫిర్యాదు చేసే మామూలు గొంతు.

"నిన్న కట్టింగ్ నేను దా ఆపితిని మేడం. గుడ్డ పడుకోవాల. రేపు పొద్దునదాకా ఎవురూ ముట్టకూడదని చెప్పుండాను."

నాయన తలెత్తాడు. "తెలుగులో కదా మాట్లాడుతుండాది?" అన్నాడు.

అవునని తలూపి, ఆమా అన్నాను. ఆ రోజు బుట్టెడు ఉల్లికి తోకలు కోశాను, కళ్లు మండింది మాత్రం ఉల్లి వల్లేనని చెప్పలేను.